పైపు, ప్లగ్గు, మధ్యలో కూలర్

రాయ్‌పూర్‌కి ఎండాకాలం వచ్చిందో లేదో తెలియాలంటే కేలండర్ అక్కర్లేదు, గోడలు చూస్తే చాలు. మార్చి వెళ్లేలోగా అటకల మీది కూలర్లు దిగి, పాత గడ్డి పారేయించుకుని, కిటికీల బయట ఇనుప స్టాండ్లెక్కి కూర్చుంటాయి. ఇంట్లో ప్లగ్గు అందదు కనక గోడకి బయటే ఒక బోర్డు వెలుస్తుంది. బిల్డరుగారి దయవల్ల వంటింటి గ్యాస్ పైపు కూడా ఆ గోడ మీదుగానే కింది సిలిండర్ల బోనుదాకా దిగుతుంది. వైరు వేలాడుతుంటే బాగోదని ఎలక్ట్రీషియన్ దాన్ని గ్యాస్ పైపుకే తాడుతో కట్టేసి వెళ్తాడు. రెండు క్లిప్పుల ఖర్చు మిగిలింది.

ఇదేంటయ్యా అంటే, "పైపు ముందే ఉంది భయ్యా" అంటాడతను. పైపు వేసినవాణ్ణి పట్టుకుంటే, "నేను వేసినప్పుడు బోర్డు లేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బిల్డరు దగ్గరికెళ్తే డ్రాయింగులు పరుస్తాడు. కరెంటుది ఒక షీటు, గ్యాసుది ఇంకో షీటు. కాగితం మీద వీళ్లిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. గోడ ఒక్కటే అయిపోవడం గోడ తప్పు.

"గ్యాస్ లీకైనా బయటే కదా, గాలికి పోతుంది" అన్నది మన సర్వరోగ నివారిణి. నిజమే, పోతుంది, బయట అనేది బయటలా ఉంటే. మన అపార్ట్‌మెంట్లలో బయట అంటే నాలుగు గోడల మధ్య సందు. పావురాలు రాకుండా దానికి వల, వాన పడకుండా పైన ప్లాస్టిక్ రేకు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పాకి అడుగున పేరుకుంటుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, స్విచ్ వేసినప్పుడో తీసినప్పుడో లోపల పుట్టే చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఇక వాషింగ్ మెషీన్ ప్లగ్గు ఎక్కడ పెడతాం? అదే సందు వైపు, మోకాలి ఎత్తులో. పైపుల్లో వచ్చే సహజవాయువు గుణం వేరు, తేలిక కాబట్టి పైకి లేస్తుంది. దాని కోసం మనవాళ్లు ఎగ్జాస్ట్ ఫ్యాను పైన బిగించారు. ఏ గ్యాస్ వచ్చినా మర్యాదకి లోటు రాకూడదుగా!

కూలర్ షాక్ కొడితే ఇక్కడ వైద్యం సులువు: చెప్పులేసుకుని ముట్టుకోవడం. ఎర్తింగు కన్నా హవాయి చెప్పు చవక. కానీ స్టాండు వెళ్లి పైపుకి ఆనిందనుకోండి, కరెంటు పైపులోకి దిగుతుంది, పైపుకి చెప్పులుండవు. ఆనిన చోట పుట్టే మెరుపు, పైపు సన్నటి రాగిదైతే, దానికి చిల్లు పెట్టగలదు. గ్యాస్ పైపుకే ఎర్తింగు తీగ చుట్టిన మేధావులూ లేకపోలేదు. వాళ్ల గురించి రాయాలంటే ఇంకో కాలమ్ కావాలి.

వ్యంగ్యానికి లొంగనిది కూడా ఒకటి చెప్పాలి. కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. తేమలేని గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపితే లోపల తుప్పు తినేసింది. లీకవుతోందని ఊరివాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు. అక్కడ తుప్పు లోపల్నుంచి పట్టింది. మన గోడ మీది ఇనుప పైపుకి బయట్నుంచి పడుతోంది, కూలర్ తొట్టిలోంచి చుక్క చుక్క, సరిగ్గా క్లాంపు దగ్గర, ఏప్రిల్ నుంచి జూన్ దాకా.

సిలిండర్ల బోను ఎక్కడుండాలో, దేనికెంత దూరమో చెప్పే ప్రమాణం ఉంది. పేరు ఐఎస్ 6044. దాన్ని బిల్డరు చూడలేదు, చూసినవాడు బిల్డరు కాలేదు. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు, వేయడమే కాదు, తీయడమూ వద్దు. సిలిండర్ వాల్వు మూసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. మనం చేసేది మాత్రం లైటు వేసి లీకెక్కడో వెతకడం.

ఇదంతా ఒక సొసైటీ మీటింగులో చర్చకొచ్చింది. రైల్వేలో వ్యాగన్ షాపు నుంచి రిటైరైన తెలుగు పెద్దాయన ఒకరు లేచి, బోర్డు జరిపించండి బాబూ అన్నారు. ఎంతవుతుందన్నారు. చెప్పారు. గదంతా నిశ్శబ్దం. కార్యదర్శిగారు గొంతు సవరించుకుని, "అంకుల్, ప్రస్తుతానికి పైపు అందరికీ కనబడేట్టు రంగు వేయిద్దాం" అన్నారు. ఏకగ్రీవం.

ఆదివారం పెయింటర్ వచ్చాడు. పైపుకి పసుపు కొట్టాడు. డబ్బాలో కొంచెం మిగిలిందని కూలర్ వైరుకీ, దాన్ని కట్టిన తాడుకీ, బోర్డుకీ కూడా కొట్టేసి పోయాడు. ఇప్పుడు ఏది పైపో ఏది వైరో తెలియడం లేదు గానీ, గోడ మాత్రం ముచ్చటగా ఉందని వాట్సాప్ గ్రూపులో అందరూ ఫొటోలు పెట్టారు.