ఎరుపు ధమని, నీలం సిర, నల్లని నేను

నేను నల్లబల్లను. ఉండేది తిరుపతిలో, 1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల అనాటమీ విభాగంలో. చుట్టూ టేకు చట్రం, కింద చాక్‌పీసులు పెట్టే గాడి. ఆ గాడిలో తెల్లవాటికంటే రంగువే ముందు అరిగిపోతాయి. ధమనికి ఎరుపు, సిరకు నీలం, నరానికి పసుపు, లింఫ్ గ్రంథికి ఆకుపచ్చ. ఇన్ని రంగులు ఒంటి మీద వేసుకునే అదృష్టం మిగతా తరగతుల్లోని నల్లబల్లలకు లేదు.

పక్కనే డిసెక్షన్ హాలు. కొత్తగా చేరిన పిల్లలు ఫార్మలిన్ ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ అక్కడినుంచి వచ్చి నా ఎదుట కూర్చుంటారు. వాళ్ల ముఖాల్లో భయం కంటే అయోమయమే ఎక్కువగా కనిపిస్తుంది. పుస్తకంలో ఎర్రగా, నీలంగా విడివిడిగా ఉన్నవన్నీ ఆ టేబుల్ మీద ఒకే పాలిపోయిన గోధుమరంగులో కలిసిపోయి ఉంటాయి. ఏది నరమో, ఏది సిరో, ఏది వాటిని కప్పిన పొరో తెలియదు. దేహం రంగులు వేసుకుని రాదు. ఎవరో ఓపిగ్గా చూసి, పొరలు విడదీసి, ఇది ఉండాలి, ఇది అక్కర్లేదు అని తేల్చుకున్నాకే ఆ రంగులు వచ్చాయి. ఆ తేల్చుకోవడం చిత్రకారుడి పనా, శాస్త్రజ్ఞుడి పనా అంటే నేను విడదీసి చెప్పలేను.

మా పెద్దసారు బ్రేకియల్ ప్లెక్సస్, అంటే చేతికి వెళ్లే భుజం నరాల అల్లిక, గీసేరోజు నాకు పండగ. మెడ దగ్గర అయిదు వేర్లు గీస్తారు. పై రెండూ కలిసి ఒక కాండం, నడిమిది ఒంటరిగా ఒకటి, కింది రెండూ కలిసి ఇంకొకటి. ఆ మూడూ తలా రెండుగా చీలి ఆరవుతాయి, ఆరూ మళ్లీ కలిసి మూడు తాళ్లవుతాయి, అక్కడినుంచి చేతికి అయిదు పెద్ద కొమ్మలు సాగుతాయి. చాక్‌పీసు ఎంత మెల్లగా కదిలితే పిల్లల పెన్సిళ్లూ అంత మెల్లగా కదులుతాయి. అంతా అయ్యాక సారు డస్టర్ తీసుకుని పై రెండు వేర్లు తుడిచేస్తారు. “కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుని ఈ రెండూ దెబ్బతిన్నాయనుకోండి. ఏ కండరం పనిచేయదు?” అని అడుగుతారు. పిల్లలు గీతల వెంట వేలు పోనిచ్చి, చెయ్యి పైకి లేవదనీ, మోచెయ్యి ముడుచుకోదనీ వాళ్లే చెబుతారు. అచ్చేసిన బొమ్మలో గీత తుడిచి ఇలా అడగడం కుదరదు.

ఈ ఊళ్లోనే దేవస్థానంవారి శిల్ప విద్యాలయం ఉంది. సారు ఒకసారి అక్కడి తాళమానాన్ని, అంటే విగ్రహాల కొలతల పద్ధతిని, నా మీద గీశారు. ముఖం పొడవు ఒక తాళం, అంటే శిల్పుల లెక్కలో పన్నెండు అంగుళాలు. నవతాళ విగ్రహం తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. దాని పక్కనే వలయంలో చేతులు చాపి నిలబడ్డ మనిషిని గీశారు. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ చెప్పిన కొలతల ప్రకారం లియొనార్డో డావిన్చీ 1490 ప్రాంతంలో గీసిన బొమ్మ అది. అక్కడా లెక్క ముఖంతోనే, కాకపోతే పది ముఖాలు. అయితే లియొనార్డో చర్మం దగ్గర ఆగలేదు. ముప్పైకి పైగా శవాలను కోశానని చివరి రోజుల్లో తనే చెప్పాడు. శవం ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి ఒక్క బొమ్మ పూర్తి కావడానికి చాలా దేహాలు కోయాల్సి వచ్చేది. అందుకే ఆయన గీసిన చెయ్యి ఏ ఒక్కడి చెయ్యీ కాదు. ఆ బొమ్మలను అచ్చు వేయించకుండానే 1519లో పోయాడు. నా మీది బొమ్మలు గంటలో చెరిగిపోయినా తరగతి మొత్తానికీ అందుతాయి. ఆయన బొమ్మలు చెరగలేదు గానీ వందల ఏళ్లు వైద్యులకు అందలేదు. వైద్యశాస్త్రానికి ఇంతకంటే పెద్ద నష్టం నాకు తోచదు.

ఆయన 1511 ప్రాంతంలో గీసిన గర్భస్థ శిశువును సారు ఒకరోజు చూసి దించారు. మోకాళ్లు ముడుచుకున్న బిడ్డ, చుట్టూ తెరిచిన గర్భసంచి, దాని గోడకు అతుక్కున్న మాయ. తప్పెక్కడుందో చెప్పమన్నారు. తెలివైన పిల్లలంతా బిడ్డనే చూస్తున్నారు. వెనక బెంచీలోంచి పుంగనూరు వైపు అమ్మాయి లేచింది. “సార్, అది ఆవు మాయ సార్. మా ఇంట్లో ఆవు ఈనినప్పుడు చూసినా. ఇట్లనే బిళ్లలు బిళ్లలుగా ఉంటాది.”

సరిగ్గా అదే. మనిషి మాయ ఒకే గుండ్రని బిళ్ల. ఆవుది గర్భసంచిలో అక్కడక్కడా చాలా బిళ్లలుగా అంటుకుంటుంది. లియొనార్డో కోసి చూసింది చూడి ఆవును. అక్కడ కనిపించినదాన్ని మనిషి బొమ్మలో పెట్టేశాడు. ఐదువందల ఏళ్ల నాటి ఆ పొరపాటును పాడి ఇంట పెరిగిన పిల్ల ఒక్క చూపులో పట్టేసింది. ఆ రోజు నా మీద గీసినందుకు నేను గర్వపడ్డాను.

పశువుల్లో చూసి మనుషులకు రాసే అలవాటు లియొనార్డోతో మొదలైంది కాదు. మనిషి కింది దవడ రెండు ఎముకలని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ రాస్తే వెయ్యేళ్లకు పైగా నమ్మారు. 1543లో ఇరవై ఎనిమిదేళ్ల అనాటమీ పండితుడు వెసేలియస్ బాసెల్‌లో తన అనాటమీ మహాగ్రంథం అచ్చు వేయించి, ఒకటే ఎముక అని బొమ్మతో సహా చూపించాడు.

తాము చదివే అనాటమీ పుస్తకాన్ని పిల్లలంతా రచయిత పేరుతో గ్రే పుస్తకం అంటారు. 1858లో వచ్చిన ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవాడు హెన్రీ వాండైక్ కార్టర్. అదే ఏడాది మన దేశానికి వచ్చి, బొంబాయి గ్రాంట్ వైద్య కళాశాలలో అనాటమీ చెప్పాడు. మదురా పాదం అనే వ్యాధిని పరిశోధించి 1874లో పుస్తకం రాశాడు. పుస్తకం పేరులో గ్రే పక్కన ఆయన పేరూ ఉండాల్సింది.

ఇప్పుడు నాలో సగాన్ని ప్రొజెక్టర్ తెర కప్పేస్తోంది. స్లైడులో బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ అంతా ఒక్కసారే ప్రత్యక్షమవుతుంది, ఏ గీత ముందో ఏది వెనకో తెలియదు. అనాటమీ చెప్పే మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఏడాదిలో కనీసం ఆ భుజం నరాల పాఠం రోజైనా తెర పైకెత్తండి. మీరు గీయండి, తుడవండి, తర్వాత చాక్‌పీసు పిల్లల చేతికివ్వండి.