బెరడు సాలీడు: సటీకా తాత్పర్యము

మూలము: "మామిడి మాను మీద ఏముందిరా?" "ఏమీ లేదు తాతయ్యా, ఉత్త బెరడే."

టీక: మాను మీద = చెట్టు మొదలుపై; ఏమీ లేదు = ఒకటి కలదు (విపరీత లక్షణ); ఉత్త = ఎనిమిది కాళ్లు గల; బెరడే = సాలీడే.

మనవడు అబద్ధమాడాడని శంకించరాదు. వాడు చూసిన చోటే అది తల కిందికి పెట్టి మానుకు కరుచుకుని ఉంది. ఒళ్లు చదును, పొడవు సుమారు సెంటీమీటరు. కాళ్లు బారెడు, మూడో జత మాత్రం పొట్టి. బూడిద, గోధుమ మచ్చలు అచ్చం బెరడు మీదివే. ఇది ఏ అలంకారమన్న చోట వ్యాఖ్యాతలకు జగడం. పురుగును బెరడనుకున్నాడు గనుక భ్రాంతిమంతమని ఒకరు, తేడా తెలియకుండా కలిసిపోయింది గనుక మీలితమని ఇంకొకరు. వేలు దగ్గరికి తీసుకెళ్లగానే అది సర్రున మాను అవతలికి పోతుంది. ఉన్మీలితం! తగవు తీరింది.

దీన్ని ఇంగ్లిషువాళ్లు రెండు తోకల సాలీడంటారు. "తోక" అపపాఠం. ఒంటి చివర జడపాయల్లా సాగిన ఆ రెండూ దారం తీసే అవయవాలు. ఇది గూడు అల్లి వేటాడదు. చీమ దగ్గరికొస్తే చాలు, వెనక భాగం దానివైపు తిప్పి చుట్టూ గిర్రున తిరుగుతుంది. తిరిగినకొద్దీ దారం చీమను మానుకు కట్టేస్తుంది. కట్టాకే కాటు. దీన్ని ప్రదక్షిణమనవచ్చునా? కూడదు. దేవుడికి వీపు చూపరాదు. ఇది చూపేదే వీపు. భక్తి లేదు గానీ నైవేద్యం ఉంది.

ఇక నామవిచారం. హెర్సీలియా రోమన్ పురాణాల్లో రోములస్ భార్య. ఆ పేరు ఈ సాలీళ్ల ప్రజాతికి శాస్త్రంలో స్థిరపడింది 1826లో, అదీ ఒక టీకలో! నెపోలియన్ దండుతో 1798లో ఈజిప్టు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సావిన్యీ సాలీళ్ల చిత్రాలు సిద్ధం చేయించాడు. వివరణ రాయాల్సిన వేళకు కళ్లు దెబ్బతిన్నాయి. ఆ చిత్రాలకు ఓద్వాన్ అనే ఆయన వ్యాఖ్య రాశాడు. ప్రజాతి పక్కన నేటికీ నిలిచింది టీకాకారుడి పేరే. (ఈ టీకాకారుడికీ కాస్త ఆశ పుట్టింది.) మన చెట్ల మీద కనిపించే జాతికి 1836లో లూకాస్ అనే ఆయన, సావిన్యీ పేరు పెట్టాడు. చూపు దెబ్బతిన్న మనిషి పేరు, చూపుకు ఆనని పురుగుకు.

తాత్పర్యము: తోటలో మామిడి మొదళ్లకు సున్నం కొట్టబోయేవారు ముందు అరచేత్తో మానును ఒకసారి తట్టండి. బెరడులో ఒక ముక్క పరుగెత్తితే, అది పైకొమ్మ చేరేదాకా కుంచె ఆపండి.