పడకగది గోడ విషయమై అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులవారి దివ్యసముఖానికి, విశాఖపట్నం సముద్రగాలి సాక్షిగా రెండో అంతస్తు అద్దెదారుడు రాసుకొను విన్నపం.

అయ్యా, మా ఓనరుగారు డల్లాస్‌లో ఉంటారు. ఏదడిగినా తమరినే అడగమంటారు. అందుకే ఈ సాహసం.

మా పడకగది గోడకు నల్లబూజు పట్టడానికి అద్దెదారుల అలవాట్లే కారణమని, కిటికీలు తెరిచి ఉంచాలని, దసరాకి ఒక కోటు రంగు వేయిస్తామని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ధన్యులం. అయితే కిటికీల సలహా ఏదో చలిదేశం నుంచి దిగుమతైనట్టుంది. అక్కడి చల్లగాలిలో నీరు తక్కువ, కిటికీ తీస్తే గది ఆరుతుంది. మన ఆగస్టులో బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలి చెమరుస్తుంది. పక్కింటివారు రాత్రంతా ఏసీ 18లో పెట్టుకుంటారు. ఆ చల్లదనం మధ్యగోడ దాటి మాకూ వస్తుంది (బిల్లు వారికే వస్తుంది, అంతవరకు న్యాయం). తమరి ఆజ్ఞ ప్రకారం నేను కిటికీ తీస్తే బంగాళాఖాతం వచ్చి ఆ గోడమీద కూర్చుంటుంది.

పైగా ఆ గోడ పైమూల నుంచి, పైఫ్లాటు స్నానాలగది దిక్కు నుంచి, ఏడాది పొడవునా చెమ్మ దిగుతూనే ఉంది. బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తమరింట్లోనూ ఉన్నాయి, మనసు కష్టపెట్టుకోకండి. దుమ్ము, చెక్క, కాగితం, ఏదైనా తింటాయి. వాటికి లోటల్లా నీరే. గోడ పైపొర దగ్గర తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే ఆ లోటూ తీరుతుంది. పాత ఇళ్లకు సున్నం కొట్టేవారు. దాని ఘాటు బూజుకి పడదు, గోడలోని చెమ్మా దాని గుండా ఆరిపోయేది. ఇప్పటి ప్లాస్టిక్ రంగు చెమ్మను లోపలే మూటకడుతుంది. కిందటి దసరా కోటు సంక్రాంతికల్లా పొక్కులు లేచింది.

ఈ ఒక్క పేరాలో వెటకారం లేదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఒక తండ్రి ఇల్లు అద్దెకిచ్చిన సంస్థకు బూజు గురించి మొరపెట్టుకుంటే, రంగు వేసుకోమన్నారు. తప్పు ఆ కుటుంబం అలవాట్ల మీదకీ నెట్టారు. 2020 డిసెంబరులో ఆయన కొడుకు, రెండేళ్ల అవాబ్ ఇషాక్, చనిపోయాడు. ఆ ఇంటి బూజువల్లే ఊపిరి జబ్బు వచ్చిందని 2022లో విచారణలో తేలింది. ఇళ్లు అద్దెకిచ్చే సంస్థలు గడువులోగా చెమ్మ సంగతి చూడాలని అక్కడ ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే బూజు సంగతి చెప్పింది. ఇంత బూజు వరకు ఫరవాలేదని అంకె ఏదీ ఇవ్వలేదు, అసలు చెమ్మే నిలవనీయవద్దంది.

మేము చేయగలిగింది చేశాం. బీరువాను గోడకి జానెడు దూరం జరిపాం, బట్టలు గదిలో ఆరేయడం మానేశాం. ఇక తమరి వంతు. శుక్రవారం రావలసిన పెయింటర్‌ను ఆపి, ముందు పైఫ్లాటు స్నానాలగదికి ప్లంబర్‌ను పంపించ ప్రార్థన. ఆ ఫ్లాటు తమరిదే కనుక తాళంచెవికి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇట్లు,
తమరి కిందివాడు