సినిమా చూడనివాణ్నే పెద్దమనిషిగా పెట్టుకోండి

రెండో భాగం వచ్చేముందు మొదటి భాగం మళ్లీ చూడకండి. నా మొదటి సలహా ఇది. అందరూ దీనికి తలకిందులుగా చెప్తారు. ఓటీటీలో ఉంది కదా, ఒక రాత్రి కూర్చుంటే పేర్లన్నీ గుర్తొస్తాయి అంటారు. వద్దు. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. ఆనాటి నుంచి మీ మనసులో ఏది నిలిచిందో దానితోనే వాదానికి దిగండి. తప్పుగా గుర్తుంటే ఇంకా మంచిది. పక్కవాడు సరిదిద్దడానికి లేస్తాడు, ఇంకొకడు వాణ్ని సరిదిద్దుతాడు, చాయ్ చల్లారిపోతుంది. ఫోన్ తీసి సీను చూపించేవాడు వచ్చాడంటే ఆ రాత్రికి అంతే, అందరూ బండ్లు స్టార్ట్ చేసుకొని ఇళ్లకు పోతారు. గద్వాల కోట దగ్గరి చాయ్ బండి కాడ ఇట్లా చెడిపోయిన రాత్రులు నేను చాలా చూశాను. ఫోన్లు జేబులో పెట్టండి.

ఈ సినిమా మీద మాట్లాడే హక్కు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మా ఈ మూడు జిల్లాలకు కొంచెం ఎక్కువే ఉందని నా నమ్మకం. దర్శకుడు నాగ్ అశ్విన్ సొంతూరు నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఐతోలు. అక్కడి సర్కారు బడికి ఆయన తన డబ్బుతో గదులు కట్టించారు. ఆ సినిమాలో కాసేపు అర్జునుడిగా కనిపించిన విజయ్ దేవరకొండ కుటుంబానిది అదే జిల్లాలోని తుమ్మన్‌పేట. తెర మీద కురుక్షేత్రం నడుస్తుంటే, రథం తోలించేవాడూ మనవాడే, రథం మీద నిలబడ్డవాడూ మనవాడే అని నాగర్‌కర్నూల్ పిల్లలు ఈలలు వేశారు. వేయాల్సిందే.

అయితే కురుక్షేత్రం మాకు సినిమాతో వచ్చింది కాదు. తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి వెళ్లినవాళ్లు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. ఎంతటి పండితుడు వచ్చినా ఇక్కడి పండితుల ముందు నిలబడి తన విద్య చూపించుకోవలసిందే. ఆ జంట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలే తర్వాత ఊరూరి నాటకంలో ‘కురుక్షేత్రం’ అయినాయి. చదువు రానివాళ్లు కూడా రాయబారం పద్యాలు రాగంతో సహా పాడేవారు. కృష్ణుడి రాయబారం చెడుతుందని, యుద్ధం వస్తుందని, అభిమన్యుడు తిరిగి రాడని ముందు వరుసలో గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. తెలిసే తెల్లారేదాకా కూర్చునేవారు. తెలిసే ‘వన్స్‌మోర్’ అని కేక వేసేవారు.

అందుకే నా రెండో సలహా. కథ దాచకండి. మీరు ముందు చూసివస్తే, చూడనివాళ్లకు మొత్తం చెప్పేయండి. ఇంటర్వెల్ ఎక్కడ పడింది, ఎవరు చచ్చారు, ఎవరు మళ్లీ లేచారు, చివర ఏం చూపించారు, ఏదీ మిగల్చకండి. కథ తెలిస్తే మజా పోతుందనేది ఈ మధ్య వచ్చిన మాట. కథ తెలిసినవాడికే చెప్పిన తీరు కనిపిస్తుంది. ఏమవుతుందో అని బెంగపడేవాడికి ఏమవుతుందో తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇక అన్నిటికన్నా పెద్ద సలహాకు వస్తాను. వాదానికి తీర్పు చెప్పడానికి సినిమా చూడనివాణ్నే పెద్దమనిషిగా కూర్చోబెట్టుకోండి. చూసినవాడికి అప్పటికే ఒక హీరో ఉంటాడు, ఒక పక్షం ఉంటుంది. చూడనివాడికి మీ నోటితో మీరు చెప్పిందే ఆధారం. మీరు సరిగా చెప్పకపోతే వాడికి అర్థం కాదు. వాడికి అర్థం కాలేదంటే మీ వాదం ఓడినట్టే.

మా బండి కాడ ఒక ముసలాయన ఉంటాడు. వయసంతా మగ్గం మీద గడిపిన మనిషి, గద్వాల చీరలు నేసిన చేయి. చిన్నప్పుడు నాటకంలో నకులుడి వేషం కూడా కట్టాడట. సినిమా హాలుకు పోయి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఒకరాత్రి రెండో ఆట చూసొచ్చిన నలుగురు కుర్రాళ్లు ‘కల్కి’ చివరి ఘట్టం ఆయనకు చెప్తున్నారు. కమల్ హాసన్ వేసిన సుప్రీం యాస్కిన్‌కు సీరం చుక్క పడింది, ముడతలు పోయినాయి, గాండీవం చేతిలోకి తీసుకున్నాడు అని ఒకడు చేయి ఎత్తి మరీ చూపిస్తున్నాడు. ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

“ఉండు నాయినా. గాండీవం అర్జునుడు నీళ్లల్ల వదిలేసె గద. యాస్కినుకు యాడ దొరికె?”

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలాయన చెప్పింది నిజం. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు అన్నీ వదిలి నడిచిపోతుంటే అగ్నిదేవుడు ఎదురువచ్చి, ఆ విల్లు వరుణుడిది, తిరిగి ఇచ్చెయ్ అంటాడు. అర్జునుడు గాండీవాన్నీ అమ్ములపొదుల్నీ నీళ్లలో వేస్తాడు. సినిమా మూడుసార్లు చూసినవాడికి తట్టని ప్రశ్న, ఒక్కసారి కూడా చూడనివాడికి తట్టింది.

అందరికన్నా చిన్నవాడు, ఐటీఐ చదివే పిల్లవాడు, కాసేపటికి నోరు తెరిచాడు. “తాతా, ఆ కాలంల నీళ్లే లేవు. గంగ ఎండిపోయింది, కాశీ ఒక్కటే మిగిలింది. సముద్రం గుడ ఎండితే విల్లు బయట పడదా?”

ముసలాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అది సరే. మరి వరుణుడు యాడ పోయె?” అన్నాడు.

ఇంతకన్నా మంచి వాదం నేను ఏ సినిమా మీదా వినలేదు. నీళ్లు పోయాయంటే నీళ్ల దేవుడు పోయాడనే కదా అర్థం. రెండో భాగం కథంతా ఆ ఒక్క ప్రశ్నలోంచి పుట్టవచ్చు. కృష్ణా తుంగభద్రల నడుమ బతికే నడిగడ్డ మనిషికి ఆ ప్రశ్న రావడంలో ఆశ్చర్యం కూడా లేదు. ఆ రాత్రి బండివాడు స్టవ్ ఆర్పేసినా ఎవరూ కదలలేదు.

రెండో భాగాన్ని ఎట్లా తూచాలో కూడా ఆ ముసలాయన దగ్గరే నేర్చుకున్నాను. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. “ఒళ్లు బాగుందా, అంచు బాగుందా అని అందరు చూస్తరు. నేను అతుకు కాడ చెయ్యి పెట్టి చూస్త” అన్నాడు. అప్పటి నుంచి ఏ రెండో భాగం చూసినా నేను అతుకే తడుముతున్నాను. మొదటి ‘అవతార్’లో చచ్చిన కల్నల్ క్వారిచ్‌ను 13 ఏళ్ల తర్వాత, 2022లో వచ్చిన రెండో దానిలో, జ్ఞాపకాలు నింపిన కొత్త దేహంతో లేపారు. అక్కడ అతుకు గట్టిగానే ఉంది, నీళ్ల అందం వేరే సంగతి. ‘రోబో’ చివర చిట్టి తనను తానే విడదీసుకొని మ్యూజియం చేరతాడు. మనిషి దగ్గర ఉండకూడదని మరమనిషి తెలుసుకోవడమే ఆ కథకు ప్రాణం. 2018 నవంబర్ 29న వచ్చిన ‘2.0’ పక్షిరాజును ఆపడానికి అదే చిట్టిని మళ్లీ బయటికి తెచ్చింది. పక్షిరాజు బాధ నన్ను కదిలించింది, నిజమే. కానీ అతుకు కాడ దారాలు ఊడి ఉన్నాయి. ఇది నా తీర్పు. కాదనేవాళ్లు రండి, వాదిద్దాం.

మీ హీరో పక్షాన మీరు వాదించకండి. ప్రభాస్ అభిమానులు అర్జునుడి పక్షం కట్టండి, నాగర్‌కర్నూల్ వాళ్లు కర్ణుడి పక్షం కట్టండి. ప్రభాస్ వేసిన భైరవే కర్ణుడని మొదటి భాగం చివర తేలినప్పటి నుంచి ఈ గొడవ ఆగలేదు. ప్రభాస్ అభిమాని తన నోటితో ఉత్తర గోగ్రహణం చెప్పాలి, అర్జునుడు ఒక్కడే అందర్నీ తరిమినప్పుడు కర్ణుడూ వాళ్లలో ఉన్నాడని ఒప్పుకోవాలి. అవతలివాడు కవచకుండలాలు కోసి ఇచ్చిన చేతి గురించి, భూమిలో దిగిన రథచక్రం గురించి చెప్పాలి. అయిదు నిమిషాలు అట్లా మాట్లాడి చూడండి. గొంతు మారుతుంది. తన హీరోకే చప్పట్లు కొట్టడం ఎవరికైనా వచ్చిన విద్య.

లెక్కలు నోటితో కాదు, కాగితం మీద వేయండి. పంచాంగం ప్రకారం కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో. దానికి 2898 కలిపితే 6000. సినిమా పేరులోని అంకె అక్కడి నుంచి వచ్చింది. కానీ సౌప్తిక పర్వంలో కృష్ణుడు అశ్వత్థామకు ఇచ్చిన శాపం 3000 ఏళ్లు తిరగమని. ఆ లెక్కన శాపం ఎప్పుడో తీరిపోయింది. మరి సినిమాలో అశ్వత్థామ వేషం వేసిన అమితాబ్ బచ్చన్ గుడిలో ఇంకా ఎవరికోసం కూర్చున్నట్టు? అశ్వత్థామ సప్త చిరంజీవుల్లో ఒకడు, ఆయనకు గడువేమిటి అనేవాళ్లున్నారు. నేను 3000 ఏళ్ల పక్షం. శాపం తీరినా పాపం తీరలేదని తనకు తానే ఉండిపోయాడని నేనంటాను. అట్లా అనుకుంటే ఆ ముసలి యోధుడు నాకు ఇంకా పెద్దగా కనిపిస్తాడు.

సుమతి పాత్ర గురించి దుఃఖపడకండి. రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబర్‌లో వైజయంతీ మూవీస్ ప్రకటించినప్పుడు, వనపర్తిలో నాకు తెలిసిన ఒక తమ్ముడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మనిషి మారితే పాత్ర చచ్చిపోతుందన్నా అన్నాడు. పద్యనాటకంలో ఒక రాత్రికి ముగ్గురు కృష్ణులు వస్తారు తమ్ముడూ. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి మరొకరు. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి, ఇంకొకాయనకు గొంతు జీర. కిరీటం పెట్టుకొని పద్యం ఎత్తుకోగానే అందరూ కృష్ణుడికే దండం పెడతారు. కడుపులో బిడ్డను మోస్తున్న సుమతిని ఎవరు మోసినా మనం చూడాల్సింది ఆ బిడ్డ దిక్కు.

సైన్సు తెలిసినవాణ్ని ముందే మాట్లాడనివ్వకండి. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడుస్తుంది. అక్కడ చదివినవాడు ‘కల్కి’లోని బుజ్జి బండి బరువు, చక్రాలు, మోటారు లెక్కలు చెప్పగలడు. ఆ బండి నిజంగా తయారు చేసిందే, రోడ్ల మీద తిరిగిందే. కానీ వాడు ముందే మొదలుపెడితే మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు టైమ్ మిషన్ ఎట్లా పనిచేస్తుందని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. రాయలవారి కొలువుకు పోయినవాడు తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతే ఏమయ్యేదని అడిగారు. ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారే ‘కల్కి’కి మార్గదర్శకులుగా ఉన్నారు. ప్రశ్న అడిగే ఆ తీరు మనం పోగొట్టుకోకూడదు.

వసూళ్ల మాట ఎత్తినవాడు ఆ రోజు అందరి చాయ్ డబ్బులూ ఇవ్వాలి. దీని మీద ఇంతకన్నా మాట్లాడను.

మొదటిరోజు పోకండి. ముందురాత్రి ఆటకైతే అసలే వద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ఆటకు కుటుంబంతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. అదీ రెండో భాగమే. పదకొండో రోజు పోండి. అప్పటికి కథ మొత్తం వినే ఉంటారు, సీట్లు దొరుకుతాయి, అవ్వను కూడా వెంట తీసుకుపోవచ్చు.

చివరి సంగతి. ఓడిపోయామని ఎవరూ ఒప్పుకోకండి, గెలిచామని ఎవర్నీ అననివ్వకండి. తెల్లారితే మగ్గం ఉంటుంది, పొలం ఉంటుంది, కాలేజీ బస్సు ఉంటుంది. వాదం అట్లాగే వదిలేసి పోతే మర్నాడు రాత్రి మళ్లీ వస్తారు. తేల్చేసుకుంటే ఎందుకొస్తారు?

వరుణుడి మాట ఇంకా తేలలేదు. ముసలాయన అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నాడు, జవాబు మా ఎవరి దగ్గరా లేదు. వనపర్తిలో, పెబ్బేరులో, కొల్లాపూర్‌లో, అచ్చంపేటలో ఎవరికైనా తోస్తే, రెండో ఆట వదిలే వేళకు గద్వాల కోట కాడికి రండి. ఆయనకు చెవులు కొంచెం మందం. దగ్గర కూర్చొని గట్టిగా చెప్పండి.