ధర దిగితేనే తీపి

చీర కొన్నా, బియ్యం కొన్నా, అల్లుణ్ణి తెచ్చుకున్నా, డబ్బు ఎక్కువ పెడితే సరుకు మంచిదొస్తుందని మనకో గట్టి నమ్మకం. అల్లుళ్ల విషయంలో ఈ నమ్మకానికి రుజువులు అంతంతమాత్రమే అనుకోండి. పండ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. మార్చిలో ఏసీ దుకాణంలో వలతొడుగు వేసుకుని కూర్చునే బంగినపల్లి ఏడాది మొత్తానికీ ఖరీదైనది. ఏడాది మొత్తానికీ పుల్లనిదీ అదే. 2017లో ఆ రకానికి భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, ఆ కాగితం మార్చి కాయలో పులుపును రవ్వంత కూడా తగ్గించలేకపోయింది. మే నెలలో అదే బంగినపల్లి రోడ్డు పక్క గడ్డి మీద రాశిగా పడి ఉంటుంది, బేరం మొదలెట్టకముందే ధర దిగుతుంది. అంచేత ఏ పండు ఎప్పుడు తినాలో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. బండివాడు మనల్ని పిలిచి మరీ ఇచ్చే రోజులే సీజను. మనం వాణ్ణి బతిమాలుకునే రోజులు కావు.

ఇందులో మహత్యమేమీ లేదు. మామిడికాయ చెట్టు మీద ఉన్నంతకాలం పిండి పదార్థాన్ని కూడబెట్టుకుంటుంది. కోశాక పండేటప్పుడు ఆ పిండే చక్కెరగా మారుతుంది. ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు పైకి లేస్తాయి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. మార్చి కాయకు భుజాలూ ఉండవు, బరువూ ఉండదు. అయినా కోస్తారు, ఎందుకంటే ముందు మార్కెట్‌కి వచ్చిన కాయకే మంచి ధర. పైగా గాలివాన ఎప్పుడొచ్చి తోటంతా రాలుస్తుందోనని భయం. అలా కోసిన కాయకు రంగు తెప్పించడానికి కార్బైడ్ పెట్టేవాళ్లు ఉన్నారు. తేమ తగిలితే దాన్నుంచి వచ్చే ఎసిటిలిన్ వాయువు తొక్కను పసుపు చేస్తుంది. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దాన్ని నిషేధించారు. 2016లో దాని బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోనిచ్చారు. ఇథిలీన్ పండు తనంతట తాను పుట్టించుకునేదే కాబట్టి పేచీ లేదు. కానీ అదైనా ఉన్న పిండినే చక్కెర చేయగలదు, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైన పసుపు ముద్దలా మెరిసే కాయను కోస్తే టెంక చుట్టూ తెల్లగా, గట్టిగా ఉంటుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ మొహాలు ముడుచుకుని, రంగు మాత్రం బాగుందని ఒప్పుకుంటారు.

సీతాఫలం చూడండి, దాని దగ్గర ఈ ఆటలు సాగవు. దసరా రోజుల్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి బాలానగర్ రకం గంపలు దిగుతాయి. గుబ్బల మధ్య గాళ్లు విచ్చుకుని లేతపసుపు తిరిగితే, దాన్నే కళ్లు తెరవడం అంటారు, ఇంకో రెండు మూడు రోజుల్లో పండుతుంది. ఆ తర్వాత ఆగమన్నా ఆగదు. ఫ్రిజ్‌లో పెడితే అలిగినట్టు నల్లబడుతుంది. అందుకే పొద్దున మొండిగా మాట్లాడే గంపామె సాయంత్రానికి మెత్తబడుతుంది, పండుతో పాటే. చేయి వేస్తే చితికేట్టున్నవి గంప అడుగు నుంచి తీసి, ధర తగ్గించి, పైన ఒకటి కొసరు కూడా వేస్తుంది. ఆ రాత్రికి తినడానికి వాటిని మించినవి లేవు.

నేరేడు సీజన్లో కూడా ఖరీదే కదా అని ఎవరైనా నిలదీయవచ్చు. నిజమే. అయితే ఆ డబ్బు పండుకు కాదు, చెట్టెక్కినవాడి ధైర్యానికి. చెట్టు ఎత్తు, కొమ్మ పెళుసు, కింద పడ్డ పండు చితికిపోతుంది. తాటిముంజలదీ అదే కథ. కాబట్టి నా సూత్రం చేతికందే చెట్లకే అని సవరించుకుంటాను. చవకే కొలమానమైతే వానలు పడ్డాక మామిడి ఇంకా చవక, అప్పుడే కొనొచ్చుగా అనేవాళ్లూ ఉంటారు. మృగశిర కార్తె దాటితే పండు ఈగ విజృంభిస్తుంది, తొక్క కింద గుడ్లు పెడుతుంది. పండు ఎప్పుడు తినాలో మనకంటే దానికే బాగా తెలుసు. అది వచ్చేలోపు మన పని ముగించుకోవాలి. ఇక ఆపిల్ ఈ వాదానికి చిక్కదు. ఆక్సిజన్ తగ్గించిన శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి నిద్రపోయి వస్తుంది. దానికి సీజన్ లేదు, సందర్భమే ఉంది: ఆస్పత్రి పరామర్శ.

గట్టి అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. ధర పడేదాకా అందరం చేతులు కట్టుకుని కూర్చుంటే అతని గతేమిటి? 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర కుప్పకూలి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. కాదనను. కానీ ఆ రైతును ముంచింది మే దాకా ఆగినవాళ్లు కాదు. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, ఫ్యాక్టరీ కొనకపోతే కాయ లారీలోనే ఉండిపోతుంది. మరోపక్క మనం మార్చి పులుపుకు పర్సు ఖాళీ చేసి, జూన్‌లో రాశులు పోసినప్పుడు మొహం మొత్తిందంటాం. డిసెంబరులో మాత్రం అదే తోతాపురిని సీసాలో కొని, చక్కెర నీళ్లు కలిపి తాగుతాం. ఒక్క సీసా డబ్బుతో జూన్‌లో ఎన్ని కాయలు వస్తాయో బండి దగ్గర నిలబడి లెక్క కట్టండి. దోరగా ఉన్నవే ఏరుకోండి. ఉప్పూ కారమూ చల్లడానికి అవే బాగుంటాయి.