తోక ఎత్తిన బండికి టీకా

తోక యెత్తు బండి తోరమౌ లోడెక్క
సమముగాను నిలుచు సడలకుండ;
ముక్కు లేపినంత ముచ్చటౌనే కాని
మోత లేని బండి మోజు బండి.

అవతారిక. పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న గద్వాల సంస్థానం ఈ పద్యం పుట్టిన సీమలోదే. తిరుపతి వేంకట కవులు వచ్చి మెప్పించిన ఆత్మకూరు ఇప్పుడు పక్కనున్న వనపర్తి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇప్పుడక్కడ అవధానాలకన్నా పికప్పులే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి పద్యమూ వాటి మీదే పుట్టింది. కవి అజ్ఞాతుడు, ఈ వ్యాసం కోసమే అవతరించాడని వినికిడి. ఇక వ్యాఖ్యకు వస్తే, మెదక్ సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం. తోక యెత్తు బండి = ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేచి, ముందు భాగం వంగి కనిపించే పికప్పు. తోరమౌ లోడు = వనపర్తి పల్లీ బస్తాలు, నడిగడ్డ పత్తి, కొల్లాపూర్ మామిడి, పెబ్బేరు సంతలో కొన్న మేకలు. ఎక్క = ఎక్కగా. సమముగాను నిలుచు = వెనక దిగి, ముందుతో సరిగ్గా కలుస్తుంది. సడలకుండ = కమాన్ కట్ట కూలబడకుండా.

ఈ చివరి పదం దగ్గర కాస్త ఆగాలి. కమాన్ కట్ట అంటే ఒకదాని కింద ఒకటిగా, పొడవు తగ్గుతూ పేర్చిన స్ప్రింగు ఉక్కు పట్టీలు. పైనున్న మెయిన్ పట్టీ రెండు చివర్లా కళ్లుంటాయి, వాటిలో బుష్‌లు. నడుమ సెంటర్ బోల్టు. కట్ట మొత్తాన్ని ఇరుసుకు బిగించేవి యూ బోల్టులు. ఖాళీగా ఉన్నప్పుడు పట్టీలు విల్లులా వంగి ఉంటాయి, బరువు పడేకొద్దీ చదునవుతాయి. అంటే తోక ఎత్తుగా ఉండటం కంపెనీ వాడి పొరపాటు కాదు, రాబోయే బస్తాల కోసం ముందే విడిచిపెట్టిన జాగా.

పూర్వపక్షం. ‘అలా అయితే ఖాళీ బండి కూలి కుర్రాడిలా ముందుకు వంగి నిలబడితే ఏం అందం? ముక్కు లేపేద్దాం’ అంటాడు కుర్ర యజమాని. అతని కోసమే లెవెలింగ్ కిట్లు అమ్ముతారు. ముందు కాయిల్ స్ప్రింగు ఉన్న బండికి స్ప్రింగు పైన ఒక బిళ్ళ వేస్తారు. టార్షన్ బార్ ఉన్నదానికి దాన్ని బిగించి లేపుతారు. 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వి-క్రాస్‌కు ముందు కాయిల్, వెనక కమాన్. కిట్ల అసలు గిరాకీ ఇలాంటి బండ్లకే. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు ముందూ కమానే, వెనకా కమానే; అక్కడ బిళ్ళకు చోటే లేదు.

సిద్ధాంతం. ముక్కు లేపిన బండి ఖాళీగా సమంగా ఉంటుంది, నిజమే. లోడెక్కాక వెనక దిగుతుంది, ముందు మాత్రం లేచే ఉంటుంది. హెడ్‌లైట్లు రోడ్డును వదిలి ఆకాశాన్ని వెతుకుతాయి. రాత్రి పూట ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల వైపు వెళ్తుంటే ఎదురొచ్చే బైకు వాడి కళ్లలో ఆ వెలుగు నేరుగా పడుతుంది. మన్ననూరు దాటాక నల్లమల మలుపుల్లో ఎత్తు పెరిగిన బండి మరింత ఒరుగుతుంది. పైగా బిళ్ళ మందం ఎంతో బండి లేచేదీ అంతే అనుకోకూడదు: స్ప్రింగు చక్రానికి లోపలి వైపున, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి అంగుళం బిళ్ళ వేస్తే చక్రం దగ్గర అంగుళానికి మించే లేస్తుంది. ఆర్మ్‌ల కోణం మారి టైరు ఒక పక్కే అరుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా షెడ్డు దాటితే కిట్ ఖర్చు టైర్ల దగ్గర మళ్లీ కట్టాలి.

ఇక రెండో మందు: కూలబడిన వెనక భాగానికి అదనంగా ఒక పట్టీ ఎక్కించడం. అవసరమైన చోట ఇది నిజమైన చికిత్సే. కానీ చాలా పికప్పుల్లో ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి వెనక బ్రేకు బలాన్ని తగ్గించీ పెంచే వాల్వు ఒకటి ఉంటుంది. వెనక ఎత్తు పెరిగితే అది బండి ఖాళీగా ఉందనుకుంటుంది. నిండు లోడు మీద బ్రేకు నొక్కినా వెనక చక్రాలు సగం మనసుతోనే పట్టుకుంటాయి. దాన్ని మళ్లీ సెట్ చేయించాలి. వంగిన పట్టీలను కాల్చి, సుత్తితో కొట్టి విల్లు తెప్పించడం ఇంకో పద్ధతి. ఉక్కుకు వేడి సరిగ్గా అందకపోతే నాలుగు లోడ్లకే మళ్లీ కూలబడుతుంది.

శంక. ‘పట్టీ ఎక్కిస్తే బరువు ఎక్కువ వేయొచ్చు కదా?’ సమాధానం: వేయకూడదు. తొలి టాటా ఏస్ మోసేది 750 కిలోలు. 40 కిలోల వడ్ల బస్తాలైతే 18. ముప్ఫై వేస్తే 1,200 కిలోలు. స్ప్రింగు ఓర్చుకున్నా ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000. అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. కంపెనీ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది.

తాత్పర్యం. బస్తాలు మోసే బండికి కిట్ దండగ. బుష్‌లు, యూ బోల్టులు చూపించి, విరిగిన పట్టీ మార్పించి ఊరుకోవాలి. మోయని బండికి కిట్ ముచ్చట. వేయించుకునేవారు చిన్న బిళ్ళతో ఆగి, ముందే ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, ఆ రోజే హెడ్‌లైట్లు దించి సరిచేయించాలి.

కిట్ అడిగే ముందు ఒక్క పని చేయండి: టైర్లలో గాలి సరిచూసి, చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలవండి. ఒకసారి ఖాళీగా, మరోసారి రోజూ వేసే లోడుతో. రెండో కొలతలు చూశాకే డబ్బు బయటికి తీయండి.