నిరవద్యపురంలో తాత్కాలికం

2022 శ్రావణంలో మా ఇంటి కాలింగ్ బెల్లుకు దెయ్యం పట్టింది. ముసురు వాన. గోడ చెమ్మెక్కి, బయట స్విచ్చులోకి నీళ్ళు దిగి, ఎవరూ నొక్కకుండానే మోగేది. అదీ మామూలు బెల్లు కాదు, కోయిల కూత బెల్లు. అర్ధరాత్రి రెండింటికి కోయిల కూస్తే అమ్మ లేచి, లైటేసి, "ఎవరూ?" అని అరిచి, గొళ్ళెం తీసి, వాన మొహం చూసి, మళ్ళీ గొళ్ళెం పెట్టి పడుకునేది. మూడు రాత్రులు ఓర్చుకుంది. నాలుగోనాడు ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిపించి వైరు ఊడదీయించి, కొసకు నల్ల టేపు చుట్టించింది.

"తాత్కాలికమేరా, వానలు తగ్గాక పెట్టించుకుందాం" అంది.

సరిగ్గా ఆ వారమే నేను ఆఫీసు పనిలో అదే చేశాను. నల్ల టేపు లేదు, అంతే తేడా.

ఆఫీసంటే మా మేడ మీద గదే. 2020 మార్చిలో రెండు వారాలకని, రెండు జతల బట్టలతో హైదరాబాద్ నుంచి నిడదవోలు వచ్చాను. అప్పుడు మా ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోయాం గానీ నేను మాత్రం మేడ దిగలేదు. నేనూ తాత్కాలికమే మరి. మాది జంక్షను కదా, నరసాపురం వైపు లైను ఇక్కడే విడిపోతుంది. పొద్దున్న మీటింగులో నేను మాట్లాడ్డానికి మైకు తెరిస్తే ముందు స్టేషను మైకు మాట్లాడేది. "దయచేసి వినండి" అని. అందరూ వినేవారు.

మా వృత్తి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఒక సాఫ్ట్‌వేర్‌ను పదిమంది కలిసి రాస్తారు. ఎవడు ఏ ముక్క కలిపినా, ఎక్కడో ఉన్న ఒక మెషీను వెంటనే మొత్తం కూర్చి, ముందే రాసిపెట్టిన వేల టెస్టులన్నీ తనంతట తానే నడిపి చూస్తుంది. దీన్ని కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అంటారు, మేం ముద్దుగా సీఐ అంటాం. ఆ పేరు చెబితే మా అమ్మ ఏ పోలీసు స్టేషనని అడిగింది. అన్నీ పాసైతే పచ్చ టిక్కు. ఒక్కటి తప్పినా ఎర్ర ఇంటూ, గేటు పడినట్టే. మన కోడు ఇవతలే ఉండిపోతుంది.

ఇందులో ఫ్లేకీ టెస్టులని ఒక జాతి ఉంది. కోడులో అక్షరం మారదు, ఇందాక పాసైంది ఇప్పుడు ఫెయిలవుతుంది. ఇంకోసారి నడిపితే ఏమీ ఎరగనట్టు పాసవుతుంది. మా కోయిల బెల్లు లాంటివన్నమాట. ఇదేదో మేడ మీద గదిలో పనిచేసేవాళ్ళ దరిద్రమే అనుకోకండి. గూగుల్లో పనిచేసిన జాన్ మికో 2016లో లెక్క చెప్పాడు. వాళ్ళ టెస్టుల్లో దాదాపు నూటికి 16కి ఎంతో కొంత ఈ జబ్బుందిట. పాసవుతున్న టెస్టు ఫెయిల్లోకి తిరిగిన సందర్భాలు తీస్తే, నూటికి 84లో ఫ్లేకీ టెస్టు హస్తం ఉందిట. అంత డబ్బున్న వాళ్ళింట్లోనూ బెల్లు దానంతటదే మోగుతోందని చదివాక నాకు ఎంత నిమ్మళించిందో!

కారణాలు కూడా తవ్వి తీశారు. 2014లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 51 అపాచీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టుల్ని బాగుచేసిన 201 మార్పులు ముందేసుకుని కూర్చున్నారు. కారణం తేల్చగలిగినవాటిలో నూటికి 45 వంతులు ఒకటే కథ, సరిగ్గా ఆగకపోవడం. టెస్టు ఒక పని అప్పజెప్పి రెండు సెకన్లు చూస్తుంది, జవాబు మూడో సెకనుకు వస్తుంది. ప్లాట్‌ఫారం మీదకొచ్చి, ఓసారి వాచీ చూసుకుని, "నరసాపురం బండి రద్దు" అని ఇంటికెళ్ళి చెప్పే మనిషిని ఏమంటాం? అది ఆ టెస్టు. మరికొన్ని, ముందు నడిచిన టెస్టు తిన్న కంచం కడక్కుండా లేచిపోతే, అందులోనే కూర్చుని కడుపునొప్పి తెచ్చుకునే రకం.

నా టెస్టు ఈ రెండు రకాల్లోనూ లేదు. మా టీములోంచి అమెరికా వెళ్ళిపోయిన ఒకాయన రాసి వదిలిన టెస్టది. ఒక బిల్లు తయారుచేసి, దాని మీద ఇవాళ్టి తేదీ ఉందా లేదా చూస్తుంది. ఇంత అమాయకమైన టెస్టు ఇంకోటుండదు. రెండేళ్ళు బుద్ధిగా పాసైంది. ఆ ఏడాది శ్రావణంలో మా సర్వర్లన్నీ క్లౌడుకు మార్చాక దీనికి పూనకం వచ్చింది.

అదీ నాకొక్కడికే! హైదరాబాద్ వాళ్ళు పగలు కోడు పంపితే పచ్చ టిక్కు. నేను పంపితే ఎర్ర ఇంటూ. పగలు మా ఊళ్ళో నెట్టు కూడా పగటి ఉద్యోగులకు మల్లే బద్ధకంగా ఉంటుంది కాబట్టి, రాత్రి ఒంటిగంటప్పుడు, ఊరు సద్దుమణిగాక పంపేవాణ్ణి. పొద్దున్నే మీటింగులో ఒకటే హాస్యం. "మీ ఊరి నెట్టు పడలేదేమో సార్." "గోదావరి నీళ్ళు పడలేదేమో." మేనేజరు గారైతే, "మీరు పంపకండి, నాకు పెట్టండి, నేను పొద్దున్నే పంపుతాను" అని నా కోడుకు తానే కన్యాదాత అయ్యాడు. ఆయన పంపితే పాసయ్యేది.

మనిషన్నవాడు అక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. పగలు పాసై రాత్రి ఫెయిలయ్యే టెస్టుకు రాత్రితో ఏం పేచీ అని. నేను వేసుకోలేదు. వారంపాటు 'మళ్ళీ నడుపు' బొత్తాం నొక్కుతూ కూర్చున్నాను. ఆ బొత్తానికి మొక్కినన్నిసార్లు కోట సత్తెమ్మ తల్లికి మొక్కుకున్నా పని జరిగేది. ఎనిమిదోనాటి రాత్రి విసుగొచ్చి టెస్టు నెత్తిమీద ఒక్క ముక్క రాశాను, డిజేబుల్డ్ అని. మేం టెస్టులు రాసే జేయూనిట్‌లో ఆ ముక్క పక్కనే కుండలీకరణాల్లో కారణం రాసుకోవచ్చు. రాశాను. "తాత్కాలికం. రేపు చూస్తా."

పచ్చ టిక్కు పడింది. ఆ రాత్రి కోయిల కూడా కూయలేదు. ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం.

మా ఊరి పాత పేరు నిరవద్యపురం. నిరవద్యం అంటే దోషం లేనిదని. కాకతి రుద్రమదేవిని పెళ్ళాడిన చాళుక్య వీరభద్రుడిది ఈ ఊరే. అంతటి పేరున్న ఊళ్ళో కూర్చుని నేను దోషాన్ని తీయలేదు, దోషం చెప్పేవాడి నోరు నొక్కాను. ఇంకా సిగ్గులేని సంగతి, నన్ను చూసి మిగతావాళ్ళూ నేర్చారు. అడ్డం తిరిగిన టెస్టునల్లా తాత్కాలికం చేసేశారు. ఏప్రిల్ నాటికి మా ప్రాజెక్టులో 43 తాత్కాలికాలు.

ఈలోగా ఇంటి సంగతి. కార్తీకంలో గ్యాస్ బండ తెచ్చినతను మూడుసార్లు బెల్లు నొక్కాడట. పలకలేదు. తలుపు తీయలేదని రాసేసుకుని బండ వెనక్కి పట్టుకుపోయాడు. లోపల అమ్మ, ఖాళీ బండను పక్కకు పడుకోబెట్టి ఆఖరి మంట మీద పులుసు కాస్తూ, "ఈ గ్యాసతను ఇంకా రాడేంట్రా" అంటోంది. మోగకూడనప్పుడు మోగిందని తీసేసిన బెల్లు, మోగాల్సినప్పుడు కూడా మోగదని మా ఇద్దరికీ అప్పుడు స్ఫురించింది. అమ్మకు బెల్లు గురించి స్ఫురించింది. నాకూ బెల్లు గురించే స్ఫురించింది, అదీ నా తెలివి.

2023 ఏప్రిల్ 1. మా క్లయింట్లలో ఒకరికి రాత్రంతా లారీలు నడిచే వ్యాపారం. అర్ధరాత్రి దాటాక గేటు దాటిన సరుకు బిల్లులన్నిటి మీదా మార్చి 31 అని పడింది. లారీ వెళ్ళింది కొత్త ఆర్థిక సంవత్సరంలో, బిల్లు పాత సంవత్సరంలో. గేటు రిజిస్టరూ బిల్లుల పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్ళ ఆడిటరు మమ్మల్ని అడిగిన తీరు ఇక్కడ రాయను. ఏడు నెలలుగా రాత్రి బిల్లులన్నీ ఒకరోజు వెనకనే పడుతున్నాయి. తెల్లారేదాకా నిన్నటి రాత్రే అనుకోవడం మనకు అలవాటు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

సంగతేమిటంటే, క్లౌడులో సర్వరు గడియారం ప్రపంచ ప్రామాణిక కాలంలో, యూటీసీలో ఉంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు అర్ధరాత్రి దాటి తేదీ మారినా, తెల్లవారుజామున ఐదున్నర దాకా సర్వరు నిన్నట్లోనే కూర్చుని ఉంటుంది. ఆ ఐదున్నర గంటల్లో ఎప్పుడు నడిపినా నా టెస్టు ఫెయిలయ్యేది. తతిమ్మా పద్దెనిమిదిన్నర గంటలూ పాసయ్యేది. గడియారం కంటే నిక్కచ్చిగా పనిచేసిందండీ! దానికి ఫ్లేకీ అని పేరుపెట్టి మూల కూర్చోబెట్టాం. "నాన్నా పులి" కథలో కుర్రాడు రెండుసార్లైనా అబద్ధమాడాడు. ఇది ఒక్కసారి కూడా ఆడలేదు, పాపం.

ఈ సంగతి తేలిన సాయంత్రమే మా పెదనాన్న వచ్చాడు. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనాయన. బెల్లు నొక్కి నొక్కి, తలుపు బాది, ఆ చిరాకుతోనే లోపలికొచ్చాడు. నా గోడు వినిపించాక అడిగాను.

"సిగ్నలే చెడిపోతే మీరేం చేసేవారు పెదనాన్నా?"

"చెడిపోయిన సిగ్నలు ఎర్రగానే ఉంటుందిరా. దాన్ని చేసిందే అలా. అనుమానమొస్తే ఆపడమే."

"అది తప్పుడు ఎరుపని మీకు తెలుసు కదా. బండి ఆగిపోవాల్సిందేనా?"

"ఎందుకాగుతుంది? కాగితం రాసిస్తాం. టి 369 (3బి). ఏ సిగ్నలు, ఏ బండి, ఎన్ని గంటలకు, కింద నా సంతకం. డ్రైవరు తీసుకున్నట్టు సంతకం పెడతాడు. నెమ్మదిగా దాటిస్తాం. అవతల సిగ్నలు వాళ్ళకు కబురు వెళ్ళిపోతుంది."

"వెనకాల ఇంకో బండొస్తే? అదే కాగితం చూపిస్తారా?"

పెదనాన్న నా వంక జాలిగా చూశాడు. "ఇంకో కాగితం రాస్తాంరా. ప్రతి బండికీ రాయాల్సొస్తే రెండో రోజుకు చెయ్యి నొప్పెట్టి సిగ్నలు బాగుచేయిస్తావు. అదే ఆటోమేటిక్ సిగ్నలనుకో, ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఎదర ఏముందో చూసుకుంటూ కదులుతాడు డ్రైవరు. అంతేగానీ ఎర్ర దీపం మీద గోనెసంచి కప్పి 'తాత్కాలికం' అని రాస్తార్రా ఎవరైనా?"

రాత్రికి ఒక నిమిషం ఎక్కువ ఇచ్చినవాడెవడో గానీ, నా టెస్టును చూసే రాసుంటాడు.

మా శాస్త్రంలో కూడా ఈ కాగితం గురించి చెప్పినవాళ్ళున్నారు. మార్టిన్ ఫౌలర్ 2011లోనే ఇలాంటి టెస్టుల్ని విడిగా క్వారంటైన్‌లో పెట్టమన్నాడు. ఆ మాట మనకు 2020లో గానీ నోరు తిరగలేదు. పెట్టండి గానీ ఎనిమిదికి మించనివ్వకండి, లేదా వారం దాటనివ్వకండి అని కూడా అన్నాడు. క్వారంటైన్ అంటే పద్నాలుగు రోజులకు బయటికొచ్చేదని మా వీధి పిల్లలకు కూడా తెలుసు. మేం పెట్టిన 43 మాత్రం జీవిత ఖైదీలు. మరి ఆ డిజేబుల్డ్ అనే ముక్క ఎందుకు అని రాసుకోనిస్తుంది, ఎప్పటిదాకా అని అడగదు. జేయూనిట్ పయనీర్ అనే విడి లైబ్రరీలో డిజేబుల్డ్ అన్‌టిల్ అని ఒకటుంది. దానికి తేదీ ఇవ్వాలి. ఆ తేదీ దాటితే టెస్టు తనంతట తానే లేచి మళ్ళీ నడుస్తుంది. టి 369కి దగ్గరి చుట్టం. ఇప్పుడు మా టీములో తేదీ, పేరు లేకుండా ఎవరూ టెస్టును పడుకోబెట్టకూడదు. పెట్టినవాడి పేరు పొద్దున్న మీటింగులో పైకి చదువుతాం, స్టేషను మైకు ఆగాక.

బిల్లు తప్పు సరిచేయడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? ఒక్క లైను. ఏ ఊరి కాలమో చెప్పాలి, అంతే. కంప్యూటరు మన కాలానికి పెట్టుకున్న పేరు ఏషియా, కోల్‌కతా. నిడదవోలు వాడి నింద పోవడానికి కోల్‌కతా సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. ఆ రాత్రి ఒంటిగంటకు టెస్టును లేపి నడిపాను. పచ్చ టిక్కు. మేనేజరు గారికి బొమ్మ తీసి పంపాను. ఆయన పొద్దున్న చూసి బొటనవేలు పెట్టాడు. నెట్టు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వెళ్ళేముందు పెదనాన్న బెల్లుకు కూడా కాగితం రాశాడు. ముత్యాల్లాంటి రైల్వే దస్తూరీ. "బెల్లు పనిచేయదు. తలుపు కొట్టవలెను. 30-4-2023 వరకు." కింద సంతకం, వేళ. ఆ తేదీ రాగానే అమ్మ పెన్ను తీసుకుని 30-4ను కొట్టేసి 31-5 అని దిద్దింది. వాన పడనప్పుడు ఎలక్ట్రీషియన్ దొరకడు, దొరికినప్పుడు వాన పడుతుంది. ఇప్పుడా కాగితం మీద కొట్టివేతలకు చోటు చాలక అంచుల్లో రాస్తోంది.

మీరెప్పుడైనా మా ఇంటికొస్తే తలుపు కొట్టండి. కాస్త గట్టిగా కొట్టండి, నేను ఇంకా మేడ మీదే ఉన్నాను.